తాతయ్య లేని వంతెన

సెప్టెంబర్ 3, మంగళవారం

తాతయ్య వంతెన మీద లేడట.

సైనిక రికార్డుల ఆఫీసు నుంచి పొద్దున జవాబు వచ్చింది. నేను రాసిన పటాలంలో ఆ పేరు గలవారెవరూ పనిచేయలేదు, చనిపోలేదు అని రెండు ముక్కలు, కింద ముద్ర. 'చనిపోలేదు' అన్న మాట ఎంత వింతగా ఉందో. దారినపోయే వాళ్ళెవరైనా చదివితే శుభవార్త అనుకుంటారు.

నాలుగు నెలలుగా ఆ వంతెన యుద్ధం గురించే చదువుతున్నాను. ఏ గట్టు ఎత్తో, ఏ గట్టు పల్లమో నాకు తెలుసు. కళ్ళు మూసుకుని ఈ చివర నుంచి ఆ చివరికి నడవగలను. సెమినార్ పేపర్‌కి పేరు కూడా పెట్టుకున్నాను: 'వంతెన మీద చివరి సాయంత్రం'. 'చివరి' ఎక్కువైంది, తీసేయ్ అన్నారు మా చరిత్ర మేడం. ఇప్పుడు వంతెన కూడా తీసేయాలి. సాయంత్రం ఒక్కటే మిగులుతుంది.

తప్పు ఆఫీసు వాళ్ళదే. ముందుగదిలో తాతయ్య ఫోటో ఉంది. భుజం మీద పటాలం గుర్తు ఉంది: రెండు కత్తులు, మధ్యలో కమాను. దాన్ని భూతద్దంలో చూసి గీసుకున్న రోజు నాకు ఆకలి కూడా వేయలేదు. గుర్తు అబద్ధం చెబుతుందా?

అమ్మకి చెప్పలేదు.

సెప్టెంబర్ 4, బుధవారం

నాన్నకి చెప్పాను. నాన్న బస్సు డిపోలో మెకానిక్. ఏ సంగతి వినాలన్నా ముందు చేతులు తుడుచుకుంటాడు. తుడుచుకుని, "పోనీలే. ఆ వంతెన కూడా ఏటేటా పొడుగైపోతోంది. నా పెళ్ళినాటికి మీ తాత పదిమందిని ఆపాడు. మొన్నటికి వందయ్యారు. ఇంకొన్నాళ్ళు పోతే శత్రువులు చాలరు" అన్నాడు.

అమ్మమ్మ వినేసింది. ఆవిడ వినదనుకుని మాట్లాడినవన్నీ వింటుంది. కుట్టుపని కొట్టు నుంచి తెచ్చిన చొక్కాలకి గుండీలు కుడుతూ, తల ఎత్తకుండానే, ఆఫీసు వాళ్ళకేం తెలుసు, కాగితాలు తినే చెదలు, అంది. ఆయన వంతెన మీదే పోయాడంది, తెల్లవారుజామున. కిందటేడు నాతో సాయంత్రం అంది. నా పేపర్ పేరు అక్కణ్ణుంచే వచ్చింది. అడిగితే, "తెల్లారుజామున మొదలైతే సాయంత్రం అవదా?" అంది.

ఆ గొడవలో అమ్మ డ్యూటీ నుంచి వచ్చింది. అమ్మ ఆసుపత్రి ల్యాబులో నెత్తురు తీస్తుంది. "మువ్వా, నీ కూతురు నన్ను కోర్టుకెక్కిస్తోంది చూడు" అని అమ్మమ్మ ఫిర్యాదు. అమ్మని మువ్వ అని పిలిచేది అమ్మమ్మ ఒక్కతే. ఆసుపత్రిలో అమ్మ ల్యాబ్ మేడం. నాన్నకి 'ఇదిగో'.

అమ్మ బట్టలు తీయడానికి బాల్కనీలోకి వెళ్ళి నన్ను పిలిచింది. తాతయ్య గురించి అమ్మ నాతో మాట్లాడటం నాకు గుర్తున్నంతలో ఇదే మొదటిసారి. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"వంతెనో, వాగో, నాకు అక్కర్లేదు. ఆయన వెళ్ళేటప్పటికి నేను కడుపులో ఉన్నాను. పుట్టానని ఆయనకి తెలిసిందా, తెలియకుండానే పోయాడా? అదొక్కటి దొరికితే చెప్పు. దొరక్కపోతే దొరకలేదని చెప్పు. మధ్యలో కథలు అల్లకు."

చెప్పి, క్లిప్పులన్నీ నా చేతిలో పోసి వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 5, గురువారం

అల్లను.

సెప్టెంబర్ 7, శనివారం

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. 

గుర్తును పెద్దది చేయించి ఆఫీసు వాళ్ళ మొహాన కొడదామని ఫోటో పట్టుకుని స్టూడియోకి వెళ్ళాను. ఫ్రేము వెనక ఆ స్టూడియో పేరే ఉంది. ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. జుట్టుకి నల్లరంగు, మీసానికి మాత్రం వేసుకోవడం మర్చిపోయిన మనిషి. ఫోటో చూడగానే పాత చుట్టాన్ని చూసినట్టు మొహం విప్పారింది.

"ఈ కోటు మా నాన్నది."

మీ నాన్నగారూ ఆ పటాలంలోనే చేశారా అని అడిగాను.

"పటాలం కాదమ్మా. మా నాన్న కుంచెది."

ఆ రోజుల్లో ఎవరైనా పోతే ఇంట్లో ఉన్న ఏదో ఒక ఫోటో తెచ్చేవారట. వాళ్ళ నాన్న తల వరకు కత్తిరించి, అంటించి, మెడ కిందంతా రంగులతో వేసేవాడట. గుమాస్తాకి కోటూ టై. సైనికుడికి యూనిఫారం. వంతెన యుద్ధం పేపర్లలో మోగిపోతున్న కాలం కాబట్టి ఏ సైనికుడు వచ్చినా భుజం మీద ఆ గుర్తే. ఎవరూ కాదనలేదట, పైగా బాగుందన్నారట. నమ్మకం లేకపోతే చూడు అని లోపల గోడ మీద ఇంకో ఫోటో చూపించాడు. అదే కోటు, అదే గుర్తు, రెండో గుండీ దగ్గర అదే మడత. మొహం మాత్రం వేరే ఎవరి తాతయ్యదో.

"సర్కారు పంపినవాళ్ళ కంటే మా నాన్న పంపినవాళ్ళే ఎక్కువ ఆ వంతెన మీదికి" అన్నాడు గర్వంగా.

నాలుగు నెలలు నేను ఒక కుంచె వెనకాల తిరిగాను.

సెప్టెంబర్ 8, ఆదివారం

అడిగేశాను. ఫోటో అమ్మమ్మ ఒళ్లో, గుండీల మీద పెట్టి అడిగాను. ఆవిడ ముడి వేసి, దారం కొరికి, చొక్కా మడిచి పక్కన పెట్టింది.

"మెడ వరకే ఆయన. నాకు తెలీదా? అది పెళ్ళి ఫోటోలో తల. పక్కన నేనుండాలి. నన్ను కోసేశారు."

తాతయ్య కంచర గాడిదల వెంట వెళ్ళాడట. సామాను మోసే గాడిదలని తోలడానికి సైన్యం తాత్కాలికంగా తీసుకున్న మనుషుల్లో ఒకడు. ఉత్తరాన చిత్తడి నేలల వైపు అన్నారట. పోయాడని కాగితం వచ్చింది, ఇల్లు మారినప్పుడు అది కూడా పోయింది. ఫోటో గోడకెక్కాక ఇంటికొచ్చినవాళ్ళు గుర్తు చూసి, ఓహో వంతెన అన్నారు. ఈవిడ కాదనలేదు.

"గాడిదల్ని తోలుతూ పోయాడని చెప్పనా అందరికీ? వాళ్ళే వంతెన అన్నారు. నేను ఊరుకున్నాను. ఊరుకోగా ఊరుకోగా నాకూ కనపడ్డం మొదలెట్టింది, ఆ వంతెన."

ఇంకేం దాచావని అడిగాను. ఆవిడకి కోపమొచ్చింది. సూదులడబ్బా మూత గట్టిగా వేసింది. నేనూ తలుపు గట్టిగానే వేశాను. ఈ ఇంట్లో ఇక ఏ మాట నమ్మాలి?

సెప్టెంబర్ 9, సోమవారం

లైబ్రరీ. ఆ యుద్ధం మీద అన్నిటికంటే లావుపాటి పుస్తకంలో చిత్తడి నేలల దండయాత్రకి దొరికింది ఒకే వాక్యం: 'వర్షాల కారణంగా ఉత్తర చిత్తడి ప్రాంతంలో ముందుకు సాగడం సాధ్యపడక, కొంత నష్టంతో దళాలు వెనుదిరిగాయి.'

కొంత నష్టం. ఆ మాటని నాలుక మీద తిప్పి తిప్పి చూశాను. కొట్లో బియ్యం తడిసినా కొంత నష్టమే.

వంతెనకి అదే పుస్తకంలో రెండు అధ్యాయాలు, మడత పటం.

సెప్టెంబర్ 11, బుధవారం

మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయానికి ఫోన్ చేశాను. గాడిదల మనుషులు మా లెక్కలోకి రారమ్మా, వాళ్ళు సైనికులు కారు, అన్నాడు గుమాస్తా. ఫోన్ పెట్టేయబోతుంటే, "ఉండుండు. లెక్కలోకి ఎందుకు రామంటూ నెలనెలా వచ్చి మాతో పోట్లాడే పెద్దాయన ఒకడున్నాడు. పేచీ తాత అంటాం. కావాలంటే అడ్రసిస్తా. మా పేరు మాత్రం చెప్పకు" అన్నాడు.

శనివారం వెళ్తాను. శనివారం రావడానికి ఇన్ని రోజులెందుకో.

సెప్టెంబర్ 14, శనివారం. తిరుగు బస్సులో

అక్షరాలు ఎగురుతున్నాయి. బస్సుదీ తప్పు, నాదీ తప్పు.

కొండ రోడ్డు బస్సు ఆఖరి స్టాపు, నీళ్ళ ట్యాంకు వెనక ఇల్లు. వీధి మొదటికే టీవీ వినపడుతోంది. పేచీ తాత కూతురు స్కూల్ వ్యాన్ నడుపుతుంది. తాళంచెవి వేలికి తిప్పుకుంటూ గేటు తీసి, ఆఫీసు నుంచా అని అడిగింది. "అయితే చెప్పులు విడవకు. పరిగెత్తాల్సి రావచ్చు." కాదు, మనవరాలినని చెప్పాను. ఎవరి మనవరాలివని ఆవిడ అడగలేదు, లోపలికి పొమ్మంది.

ఆయనకి ఫోటో చూపించాను.

"ఎవరీ ఆఫీసరు?"

కోటు మీద అరచెయ్యి అడ్డం పెట్టాను. మొహం ఒక్కటే కనపడేలా. ఆయన ఫోటో దగ్గరికి లాక్కున్నాడు, దూరం పెట్టాడు, మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఓరి. వీడికి కోటెవడు తొడిగాడు?"

ఆ తర్వాత ఆగలేదు. ఒక మాట ముందుది, ఒక మాట వెనకది, మధ్యలో ఆఫీసు వాళ్ళకి శాపనార్థాలు, మధ్యలో టీవీలో ఆట స్కోరు. నేను వరసలో పెట్టుకున్నది ఇది. మనుషుల్ని ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళి, గాడిదల్ని చిత్తడి అంచున ఇచ్చారు. ఒక్కొక్కడికి ఒకటి. లోపలికి వెళ్ళే ముందు పశువుల డాక్టర్లు వచ్చి అన్నిటికీ గొంతులో కోత పెట్టారు, ఓండ్ర పెడితే శత్రువుకి జాడ తెలిసిపోతుందని. గాయం మానాక అవి నోరు తెరిచేవి, పొట్ట ఎగిరేది, శబ్దం వచ్చేది కాదు. "మొదటిరోజు మేం నవ్వాం. రెండోరోజు ఎవడూ నవ్వలేదు" అన్నాడు.

వెనుదిరగమన్న రోజు వాన. గాడిదల్ని వదిలేసి మనుషులు మాత్రం రమ్మన్నారు. తాతయ్య గాడిద బురదలో పొట్ట దాకా దిగిపోయింది.

"అరిచే జంతువైతే వదిలి వచ్చేవాడేమో. అది నోరు తెరుచుకుని చూస్తోంది. మేం వద్దన్నాం. వినలేదు. వెనక్కి పోయాడు. వానలో మనిషి కనపడ్డం లేదు. దాన్ని పిలుస్తున్న పిలుపే వినపడుతోంది. మేం నడుస్తూనే ఉన్నాం. తుపాకులు పేలాయి. తర్వాత ఆ పిలుపు లేదు."

టీవీలో ఎవరో గెలిచారు. చప్పట్లు.

అప్పుడు అమ్మ ప్రశ్న అడిగాను. కూతురు పుట్టిందని తాతయ్యకి తెలుసా?

"కూతురా? వాడికి కూతురుందా?" అని ఆయనే నన్ను అడిగాడు.

ఎప్పుడూ అనలేదట. ఇంటి సంగతే ఎత్తేవాడు కాదట. గాడిదతో తప్ప మనుషులతో మాట్లాడేవాడు కాదట. "మువ్వా మువ్వా అని దాంతోనే కబుర్లు."

నాకు సరిగ్గా వినపడలేదేమోనని మళ్ళీ అడిగాను. మువ్వే. గాడిద పేరు మువ్వ.

అంటే అమ్మమ్మ గాడిద పేరు తెచ్చి అమ్మకి పెట్టింది. తాతయ్య ఎవరితోనో చెప్పి పంపి ఉంటాడు, ఇలా ఒక గాడిదనిచ్చారు, ఇలా పిలుస్తున్నాను అని. లేని వంతెన కట్టినావిడకి ఇదొక లెక్కా.

పేచీ తాత ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. అంతకుముందు దానికి ఇంకేదో పేరుండేదట, సెలవు మీద వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చిన రోజు మార్చేశాడట, కొత్త పేరుకి గాడిద పలకలేదట, అందరూ నవ్వారట. ఇదంతా పేపర్‌కి అక్కర్లేదు. ఎలా పిలిచేవాడో పిలిచి చూపించనా అన్నాడు. బస్సు టైమైందన్నాను.

బస్సుకి ఇంకా చాలా టైముంది. స్టాపులో నిలబడ్డాను.

సెప్టెంబర్ 15, ఆదివారం

అమ్మ గిన్నెలు తుడుస్తూ ఒకసారి నా వైపు చూసింది. నేను పుస్తకం తెరిచాను. తలకిందులుగా ఉంది.

దొరకలేదని చెప్పవచ్చు. అది అబద్ధం కాదు కూడా. ఆయనకి తెలుసని ఎవరూ చెప్పలేదు. తెలియదని మాత్రం ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కాబట్టి దొరకలేదు.

కొత్త మాటలు: పగ్గం, కళ్ళెం, జీను, మోపు. ఎంత బాగున్నాయో. ఇవన్నీ పేపర్లో వాడాలి.

సెప్టెంబర్ 17, మంగళవారం

"ఎక్కడిదాకా వచ్చింది?" అని అమ్మ అడిగింది. పేపర్ గురించే అనుకుని, చివరి పేజీలో ఉన్నానన్నాను. పేపర్ గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

సెప్టెంబర్ 19, గురువారం

సెమినార్ అయిపోయింది. 'రవాణా దళానికి చెందిన నా తాతగారు విధి నిర్వహణలో' అని చదివాను. ఇలాంటి మాటలు పుస్తకాల్లో కనపడితే పెన్సిల్‌తో గీత గీసేదాన్ని. చప్పట్లు కొట్టారు. మేడం, భాష బాగుందన్నారు, మనిషి కనపడలేదు అన్నారు.

గాడిద పేరు రాలేదు. గాడిదే రాలేదు.

సెప్టెంబర్ 20, శుక్రవారం

ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. రెండు వాక్యాలు రాసి లేస్తున్నాను.

మధ్యాహ్నం ఇంట్లో నేనూ అమ్మమ్మా. తలుపు గట్టిగా వేసిన ఆదివారం నుంచి మా మధ్య అన్నం పెట్టనా, పెట్టు, అంతే. ఇవాళ ఆవిడే, "మా ఆయన గురించి ఊరందరికీ చదివావట. నాకు చదవవా?" అంది. చదివాను. సూది ఆడిస్తూ మొత్తం వింది.

"బాగుంది. ఆయన ఎలా పోయాడో లేదే."

చెప్పేశాను. చిత్తడి, వాన, బురదలో గాడిద, వెనక్కి వెళ్ళడం. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆవిడ పెదవి కొస నవ్వింది.

"పోతాడు. పెళ్ళైన కొత్తలో గోడ సందులో పిల్లి ఇరుక్కుంటే కొత్త చొక్కా చింపుకున్నాడు. అదీ ఆయన. వంతెన మీద నిలబడితేనే వింత."

ఆ నవ్వు చూసి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఆ గాడిద పేరేగా తెచ్చి అమ్మకి పెట్టావు. అది కూడా చెప్పలేదు" అన్నాను.

"ఏ గాడిద పేరు?"

"మువ్వ."

సూది ఆగింది. చొక్కా ఒళ్లోంచి జారింది, ఆవిడ పట్టుకోలేదు.

అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టు రాయాలనుంది, కానీ ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆ పేరు ఆవిడే పెట్టింది. పాప పుట్టిన వారానికి, కాళ్ళు ఊరికే ఆడిస్తోందని. తాతయ్యకి తెలిసే దారి లేదు. ఆవిడకి రాయడం రాదు, రాయించినా అటువైపు టపా వెళ్ళదన్నారు. పక్క సందులో ఒక లారీ డ్రైవర్ కొడుకు అదే దండులో ఉండేవాడు. సెలవు మీద వచ్చి తిరిగి వెళ్తుంటే, వాడి ఇంటి గుమ్మం ముందు నిలబడి, ఆడపిల్ల, మువ్వ అని పిలుస్తున్నానని చెప్పు, అని చెప్పి పంపింది. వాడు తిరిగి రాలేదు. ఈయనా రాలేదు. కబురు చేరిందో, దారిలోనే పోయిందో, అడగడానికి ఎవరూ మిగల్లేదు.

"చేరలేదనే అనుకున్నాను. మువ్వకి అదే చెప్పాను, తెలియలేదమ్మా అని. అందుకే అది ఫోటో వైపు చూడదు."

సెలవు మీద వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చిన రోజు మార్చేశాడట. పేచీ తాత ఆ మాట నా చెవిన వేశాడు. నా చేత్తో నేనే రాశాను. రాసి, పక్కన 'అక్కర్లేదు' అని కూడా రాశాను. లేచిన ఊపుకి గుండీల పళ్ళెం తన్నేశాను. గది నిండా గుండీలు. ఇద్దరం నేల మీద కూర్చుని ఏరాం. ఏరుతూ అమ్మమ్మ ఒకటే మాట, "చెప్పాడన్నమాట. వాడు చెప్పాడన్నమాట."

సాయంత్రం అమ్మ వచ్చింది. చెప్పులు విప్పేలోపే చెప్పడం మొదలుపెట్టాను. అమ్మ ఆగమని సైగ చేసి, వెళ్ళి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆసుపత్రిలో అమ్మ ఎవరికైనా సరే పేరు రెండుసార్లు అడగనిదే నెత్తురు తీయదు.

"మువ్వ అని ముందు నువ్వన్నావా, ఆయనన్నాడా?"

"ఆయనే. నేను నీ పేరే ఎత్తలేదు."

"మళ్ళీ చెప్పు. ఎవరన్నారు?"

"ఆయనే అమ్మా."

"పేరు ఎప్పుడు మార్చాడు?"

చెప్పాను. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి, లారీ డ్రైవర్ కొడుకు సంగతి మళ్ళీ చెప్పింది. అమ్మ రెండూ, రెండు సీసాల మీది చీటీలు పోల్చి చూస్తున్నట్టు, వింది. తర్వాత నవ్వింది. నాకు భయమేసింది ఆ నవ్వుకి.

"కూతుర్ని చూడ్డానికి రాలేదు గానీ, కూతురి పేరున్న గాడిద కోసం మాత్రం వెనక్కి పోయాడు."

"మువ్వా" అంది అమ్మమ్మ.

"అనొద్దా? యాభై ఏళ్ళుగా ఏమీ అనలేదు. ఇవాళ అంటాను."

అని, ముందుగదిలోకి వెళ్ళి ఫోటో ముందు నిలబడింది. నేను పేచీ తాత దగ్గర చేసినట్టే, ఎవరూ చెప్పకుండానే, కోటు మీద అరచెయ్యి అడ్డం పెట్టి చూసింది. నాన్న డిపో నుంచి వచ్చి, ఏమైందని ఎవరినీ అడగకుండా చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

వచ్చి అమ్మ అడిగింది: "ఆ పెద్దాయనకి గొంతు బాగుందా?"

టీవీ కంటే గట్టిగా ఉందన్నాను.

"మా నాన్న పిలుపు చూపిస్తానంటే బస్సు టైమైందన్నావు."

తల దించుకున్నాను.

"సరే. నేను అడుగుతాను. ఆయన ఎలా పిలిచాడో అలాగే పిలవమంటాను. ఒక్కసారి."

రేపు పొద్దున కొండ రోడ్డు మొదటి బస్సు. ముందు సీట్లు పట్టిపెట్టమని నాన్న డ్రైవరుకి చెప్పాడు. అమ్మ డ్యూటీ మార్చుకుంది. అమ్మమ్మ తనూ వస్తానంది, ఫోటో మాత్రం వద్దంది. పేచీ తాత కూతురు వ్యాన్ తీసుకుని బయల్దేరేలోపు చేరాలి. నేను అందరికంటే ముందు లోపలికి వెళ్తాను. వెళ్ళగానే ఆ టీవీ కట్టేయమని అడగాలి.